డిప్రెషన్, చైనా మూలికల పొడి, వాచిన వేళ్లు: ఒక కేస్ స్టడీ

ఆమెకు 44 ఏళ్లు. భర్త తైవాన్‌లో చిప్‌ల తయారీ రంగంలో ఇంజనీరు. కుటుంబం కొన్నేళ్లుగా షిన్చు నగరంలో ఉంటోంది. సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు అక్క ఆమెను మా కీళ్లవాతం ఓపీకి తీసుకొచ్చింది. పద్నాలుగేళ్ల కూతురు కూడా వెంట వచ్చింది. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఎవరైనా పోల్చుకోవడానికి వీలున్న వివరాలు మార్చాను.

పొద్దున లేచేసరికి రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోతున్నాయి, ఆరు నెలలుగా ఇదే బాధ అని ఆమె చెప్పింది. ఆ మాట పూర్తి కాకముందే అక్క మానసిక వైద్యుల ఫైలు నా ముందు పెట్టింది. "చెల్లికి డిప్రెషన్ ఉంది డాక్టర్ గారూ. ఈ నొప్పులన్నీ దాని వల్లేనని అక్కడ ఒక క్లినిక్‌లో చెప్పారట" అంది.

అంతకుముందు జరిగింది

రెండేళ్ల కిందట తల్లి పోయింది. విమానం దొరికి వచ్చేసరికే అన్నీ అయిపోయాయి. తిరిగి షిన్చు వెళ్లాక ఆమెకు నిద్ర పట్టలేదు, ఆకలి వేయలేదు, వంటింట్లోకి అడుగు పెట్టబుద్ధి కాలేదు. అక్కడి మానసిక వైద్యులు డిప్రెషన్ అని తేల్చి ఎస్‌సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 10 మి.గ్రా. మొదలుపెట్టారు. ఏడుపు తగ్గింది గానీ రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా మళ్లీ కన్ను మూతపడేది కాదు. పక్క ఫ్లాట్‌లో ఆవిడ చెబితే దగ్గర్లోని చైనా వైద్యం క్లినిక్‌కి వెళ్లింది.

తైవాన్‌లో ఇది చాటుమాటు వ్యవహారం కాదు. 1995లో మొదలైన అక్కడి జాతీయ ఆరోగ్య బీమా అల్లోపతితో పాటు చైనా వైద్యానికీ డబ్బు కడుతుంది. అదే బీమా కార్డు చూపిస్తే చైనా వైద్యులు నాడి, నాలుక చూసి, మూలికలను మరిగించి సారం తీసి ఆరబెట్టిన పొడిని చిన్న చిన్న ప్యాకెట్లుగా ఇస్తారు. ఆమెకు ఇచ్చినవి రెండు యోగాలు, అంటే మూలికల మిశ్రమాలు. ఒకటి జ్యా వెయ్ శ్యావ్ యావ్ సాన్. అక్కడ డిప్రెషన్‌కి బాగా ఎక్కువగా రాసేది ఇదే. దీని మూలం చైనాను సోంగ్ వంశం ఏలిన కాలంలో ప్రభుత్వ ఔషధశాల వాడిన యోగాల గ్రంథంలో ఉంది. రెండోది నిద్ర కోసం ఇచ్చే స్వాన్ జావ్ రెన్ తాంగ్. ఇందులో రేగు జాతి గింజలు ప్రధానం.

ఏడాది పైగా ఈ పొడులు వాడింది. నిద్ర మెరుగైందని గట్టిగా చెప్పింది. ఆ మాటను నేను కొట్టిపారేయలేదు, ఇప్పుడూ కొట్టిపారేయను.

వేళ్లు

ఆరు నెలల కిందట ముందు కుడిచేతి చూపుడు వేలి మొదలు దగ్గర నొప్పి, తర్వాత మధ్య వేలు, నెల తిరక్కుండా రెండో చేయి. మిక్సీ మూత తిప్పలేకపోయింది. గాజులు మణికట్టు దగ్గర బిగుసుకుంటే తీసి పక్కన పెట్టింది. ఇండియా వచ్చాక అన్నం చెంచాతో తింటుంటే బంధువులు ఫారిన్ అలవాటనుకున్నారు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకునేంతగా వేళ్లు ముడుచుకోవడం లేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను "అన్నం ఎలా తింటున్నారమ్మా?" అని అడిగితేనే బయటపడింది. మన దగ్గర కీళ్లవాతం అనుమానం ఉన్న ప్రతి ఒక్కరినీ ఈ ప్రశ్న అడగాలని నా అభిప్రాయం. నొప్పి పదికి ఎంత అని అడిగితే డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఏదో ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. అన్నం కలపడం గురించి అడిగితే ఉన్నది చెబుతారు.

చేయి కలిపినట్టు పట్టుకుని వేళ్ల మొదళ్లలోని కణుపులను అడ్డంగా మెల్లగా నొక్కాను. ఆమె ముఖం ముడుచుకుంది. రెండు చేతుల్లోనూ చూపుడు, మధ్య వేళ్ల మొదటి కీళ్లు, వేళ్ల నడిమి కీళ్లు కొన్ని, రెండు మణికట్లు వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే ఎముక గట్టితనం తగలడం లేదు, మెత్తగా పొంగి ఉంది. 28 కీళ్ల లెక్కలో 12 నొప్పి, 9 వాపు. పాదాల వేళ్ల మొదళ్లు కూడా నొక్కితే నొప్పి. పొద్దుటి బిగుతు గంటన్నర ఉంటోంది. డిప్రెషన్ నొప్పిని పెంచగలదు, ఒళ్లంతా బరువుగా అనిపించేలా చేయగలదు. కానీ కీలు వాపు దానివల్ల రాదు. చేత్తో తాకి చూడకుండా ఈ తేడా తెలియదు. డిప్రెషన్ ఫైలు ఉన్నవాళ్ల విషయంలో ఆ తాకి చూడటమే తరచూ జరగడం లేదు.

ఒంట్లో వాపును చూపే రక్త పరీక్షలు ఈఎస్ఆర్ 58, సీఆర్‌పీ 24, రెండూ ఎక్కువే. కీళ్లవాతంలో కనిపించే యాంటీబాడీలు రెండు: రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్, యాంటీ సీసీపీ చాలా ఎక్కువ స్థాయిలో పాజిటివ్. 2010 అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పదికి ఆరు పాయింట్లు వస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే కీళ్లవాతం) అంటాం, ఈమెకు పదికి పదీ వచ్చాయి. వ్యాధి తీవ్రతను కొలిచే డాస్-28 స్కోరు 6.5. ఇది 5.1 దాటితే తీవ్రమైనట్టు. ఎక్స్‌రేలో ఎముక కొరుకుడు ఇంకా మొదలవలేదు, అది అదృష్టం. చికున్‌గున్యా, థైరాయిడ్, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు నెగెటివ్ లేదా నార్మల్. డిప్రెషన్‌ని కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 13.

ఇంతవరకు రోగనిర్ధారణ కష్టం కాలేదు. నన్ను ఆపినవి మరికొన్ని అంకెలు. బీపీ 148/92, ఇంతకుముందు ఎప్పుడూ బీపీ లేదు. పొటాషియం 3.3, కొంచెం తక్కువ. లివర్ ఎంజైమ్ ఏఎల్‌టీ 52, కొంచెం ఎక్కువ. కిడ్నీ, మూత్రం పరీక్షలు బాగున్నాయి.

సంచిలో ఉన్నవి

"మీరు వాడేవన్నీ తీసుకురండి, మందు అనుకోనివి కూడా" అని చెప్పి పంపాను. మర్నాడు రెండు సంచులు వచ్చాయి.

మొదటి సంచిలో పొడి ప్యాకెట్లు, వాటితో క్లినిక్ ఇచ్చిన కాగితం. అంతా చైనా లిపి. కూతురు షిన్చులో బడికి వెళ్తుంది కాబట్టి గడగడా చదివేసింది. చాయ్‌హు, దాంగ్‌గ్వే, బాయ్‌షావ్, బాయ్‌జూ, ఫూలింగ్, గాన్‌చావ్, ముదాన్‌పీ, జిర్‌జ, అల్లం, పుదీనా... తను చదువుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. గాన్‌చావ్ దగ్గర ఆపాను. అది మన అతిమధురం. రెండో యోగం కాగితంలోనూ అదే ఉంది. అంటే రెండు మందుల్లోంచీ రోజుకు మూడు పూటలా అతిమధురం వెళ్తోంది. అతిమధురంలోని గ్లిసిరైజిన్, శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ విచ్ఛిన్నమయ్యే పనిని అడ్డుకుంటుంది. ఫలితంగా ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది.

పొటాషియం కొంచెం తగ్గితే ఏమైందిలే అనుకోవచ్చు. ఈ మనిషి విషయంలో అలా అనుకోకూడదు. ఎస్‌సిటాలోప్రామ్ గుండె విద్యుత్ లయలో క్యూటీ వ్యవధిని (ఒక్కోసారి కొట్టుకున్నాక గుండె మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయాన్ని) కొంత పొడిగించగలదు. కీళ్లవాతానికి మనం రాయబోయే హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా అదే పని చేయగలదు. పొటాషియం తక్కువగా ఉన్నప్పుడు ఈ రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. డిప్రెషన్ మందు ఒక డాక్టరు, పొడి ఇంకో డాక్టరు, కీళ్ల మందు నేను. ముగ్గురి చీటీలూ ఒకచోట పెట్టి చూస్తే తప్ప ఇది కనపడదు.

రెండో సంచిలో ప్లాస్టిక్ డబ్బా. లేబుల్ లేదు. లోపల మిరియాల కంటే కొంచెం పెద్దవైన నల్ల మాత్రలు. వేళ్ల నొప్పులు మొదలయ్యాక ఒక పరిచయస్తురాలు ఇచ్చిందట. వేసుకున్న రెండో రోజుకే నొప్పి సగం పోయిందని, ఆపితే అంతకంటే ఎక్కువగా తిరగబెట్టిందని, చివరి నెలల్లో దాదాపు రోజూ ఒకటి వేసుకున్నానని చెప్పింది. నొప్పి ఇంత తొందరగా తగ్గి, ఆపగానే ఇంత గట్టిగా తిరగబెట్టిందంటే స్టెరాయిడ్‌ని అనుమానించాలి. పొద్దున 8 గంటల కార్టిసాల్ చూస్తే 2.4, చాలా తక్కువ. అంటే బయటి నుంచి వస్తున్న స్టెరాయిడ్ కార్టిసాల్‌ని తయారుచేసే ఆమె సొంత అడ్రినల్ గ్రంథులను నిద్రపుచ్చింది.

ఇది కొత్త సంగతి కాదు. 1997లో తైవాన్ పరిశోధకులు ఆసుపత్రుల ద్వారా సేకరించిన 2,609 చైనా మందుల నమూనాలను పరీక్షిస్తే 23.7 శాతంలో అల్లోపతి మందులు కలిపి ఉన్నాయి. అందులో సగానికి పైగా నమూనాల్లో రెండు లేదా అంతకంటే ఎక్కువ రకాలు కలిశాయి. మన దగ్గర కీళ్ల నొప్పులకు లేబుల్ లేకుండా పొట్లాల్లో ఇచ్చే నాటు మందుల్లోనూ స్టెరాయిడ్లు బయటపడుతూనే ఉన్నాయి.

అక్క అడిగిన ప్రశ్న

"ఈ పొడి వాడే డిప్రెషన్ పేషెంట్లకు కీళ్లవాతం తక్కువగా వస్తుందని తైవాన్‌లోనే రాశారు, ఫోన్‌లో చదివాను. మరి మా చెల్లికెందుకొచ్చింది? లేకపోతే ఈ పొడి వల్లే వచ్చిందా?"

చాలా మంచి ప్రశ్న. ఓపీ రద్దీలో పూర్తిగా చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతాను.

డిప్రెషన్‌కీ రుమటాయిడ్‌కీ సంబంధం ఉన్న మాట నిజం. 2016లో తైవాన్ పరిశోధకులు బీమా రికార్డులతో రెండు వైపుల నుంచీ చూశారు. డిప్రెషన్ ఉన్నవారికి రుమటాయిడ్ వచ్చే అవకాశం, రుమటాయిడ్ ఉన్నవారికి డిప్రెషన్ వచ్చే అవకాశం రెండూ మిగతావారి కంటే ఒకటిన్నర రెట్లు దాటి కనిపించాయి. 2018లో బ్రిటన్ రికార్డుల్లో డిప్రెషన్ ఉన్నవారికి రుమటాయిడ్ అవకాశం 38 శాతం ఎక్కువగా తేలింది. ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి వాపు రసాయనాలు రెండు జబ్బుల్లోనూ పెరుగుతాయి. నిద్రలేమి, ఒత్తిడి హార్మోన్లు కూడా తోడవుతాయి. అయితే రుమటాయిడ్ జనాభాలో వందకు ఒకరికో, అంతకంటే తక్కువ మందికో వచ్చే జబ్బు. ఆ కాస్త అవకాశం ఒకటిన్నర రెట్లయినా డిప్రెషన్ ఉన్న నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా ఇది రాదు. ఈ వాక్యం డిప్రెషన్‌తో బాధపడుతూ ఇది చదివేవారి కోసం. ఇంకో టెన్షన్ పెట్టుకోవద్దు.

ఇక మూలికల సంగతి. అక్క చదివింది తైవాన్ బీమా రికార్డులతో చేసే అధ్యయనాల గురించే. వాటికి ఒక నిజమైన బలం ఉంది. అక్కడ రుమటాయిడ్ తీవ్ర వ్యాధుల జాబితాలో ఉంది. నిపుణులు ఆధారాలు చూసి ఒప్పుకుంటేనే రోగికి చెల్లింపుల మినహాయింపు వస్తుంది. కాబట్టి జబ్బు ఉన్నట్టు రాసి ఉంటే చాలావరకు నమ్మవచ్చు. మూలికల్లో పసలేదని కూడా అనలేం. ఈమె పొడిలో ఉన్న బాయ్‌షావ్ అనే వేరు నుంచి తీసిన గ్లూకోసైడ్లు అనే పదార్థాలను చైనాలో 1998 నుంచీ రుమటాయిడ్‌కే మందుగా వాడుతున్నారు.

కానీ మూలికలు వాడినవాళ్లు, వాడనివాళ్లు ఒకేలాంటి మనుషులు కారు. డిప్రెషన్‌లో ఉండి కూడా వారం వారం క్లినిక్‌కి వెళ్లి, మూడు పూటలా పొడి వేసుకోగలిగినవాళ్లు కొంత కోలుకున్నవాళ్లు, ఇంట్లో చూసుకునే మనుషులున్నవాళ్లు. సిగరెట్, బరువు, తిండి, నిద్ర లాంటివి బీమా రికార్డుల్లో పూర్తిగా ఉండవు. పైగా "మూలికలు వాడినవాళ్లు" అనే గుంపులో చేరాలంటే కొంతకాలం వాడి ఉండాలి, ఆ కాలమంతా జబ్బు రాకుండా ఉండాలి. లెక్కలో జాగ్రత్త పడకపోతే ఆ కాలం మందుకు అప్పనంగా మార్కులు కలుపుతుంది. మంచి పరిశోధకులు దీన్ని సరిచేస్తారు, అయినా సందేహం పూర్తిగా పోదు. మనుషులను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒకరికి పొడి, ఒకరికి ఉత్తుత్తి పొడి ఇచ్చి ఏళ్ల తరబడి చూస్తే తప్ప ఇది రక్షణ అని నేను చెప్పను.

ఈ చర్చలో ఎవరూ ఎత్తనిది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ రెండో సంచి. బీమా రికార్డుల్లో ఉండేది మొదటి సంచి మాత్రమే. నియంత్రణలో తయారై, వైద్యుడు రాసి, లెక్కకు ఎక్కిన పొడి అది. ఇంట్లో మనిషి మింగేది రెండు సంచుల్లోనివీ. మొదటి సంచి మీద వచ్చిన మంచి మాటను జనం రెండో సంచికి కూడా వర్తింపజేసుకుంటున్నారు. ఈమె కూడా "చైనా మూలికలే కదా" అనే ఆ నల్ల మాత్రలు మింగింది.

మరి ఈమెకు ఎందుకొచ్చింది? 2004లో నెదర్లాండ్స్ పరిశోధకులు, తర్వాత రుమటాయిడ్ వచ్చిన 79 మంది రక్తదాతల పాత నమూనాలు తీసి చూస్తే దాదాపు సగం మందిలో యాంటీబాడీలు ముందే ఉన్నాయి, నొప్పులు మొదలవడానికి సుమారు నాలుగున్నరేళ్ల ముందు నుంచీ. ఈమె యాంటీ సీసీపీ అంత ఎక్కువగా ఉందంటే, పొడి మొదలుపెట్టక ముందే, బహుశా తల్లి పోవడానికి ముందే, లోపల వ్యాధి మొదలై ఉండే అవకాశం బలంగా ఉంది. పొడి వల్ల వచ్చిందనడానికి ఏ ఆధారమూ లేదు. పొడి ఆపలేకపోయిందని దాన్ని తప్పుపట్టనూ లేం. అక్కకు చెప్పింది ఇంతే.

చికిత్స

పొడులు రెండూ, నల్ల మాత్రలూ ఆపించాను. అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉన్నప్పుడు స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ మాత్రల బదులు ప్రెడ్నిసలోన్ 7.5 మి.గ్రా. పొద్దుటి పూట ఇచ్చాను. అది కీళ్ల వాపుకూ పనికొచ్చింది, గ్రంథులు మేలుకునేదాకా అండగానూ నిలిచింది. నెలల మీద మెల్లగా తగ్గించాం. స్టెరాయిడ్ మూడ్‌ని, నిద్రను కదిలించగలదు కాబట్టి మొదలుపెట్టే రోజే ఆమెను చూస్తున్న మానసిక వైద్యురాలికి ఫోన్ చేసి చెప్పాను. ఎస్‌సిటాలోప్రామ్‌తో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కలిస్తే కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, పైగా బీపీ ఉంది. అందుకని వాటి జోలికి పోకుండా పారాసెటమాల్‌తో నడిపించాం.

పొటాషియం సరిచేసి, ఈసీజీలో క్యూటీ బాగుందని చూసుకున్నాకే హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మి.గ్రా. మొదలైంది. కీళ్లవాతానికి అసలు మందు మెథోట్రెక్సేట్‌కి ఏఎల్‌టీ తగ్గేదాకా ఆగాం. మొదటి పొడిలో ఉన్న చాయ్‌హు లాంటి మూలికల యోగాలతో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదై ఉన్నాయి. ఆ నల్ల మాత్రల్లో ఇంకేమున్నాయో తెలియదు. నెలకు ఏఎల్‌టీ 28కి, పొటాషియం 4.1కి వచ్చాయి, బీపీ 128/82. రెండు సంచులూ ఒకేసారి ఆపాం కాబట్టి ఇందులో ఏది దేనివల్లో విడదీసి చెప్పలేను. అతిమధురం స్టెరాయిడ్ పనిని కూడా పొడిగించగలదు, రెండూ కలిసి చేసిన పని కావచ్చు. మెథోట్రెక్సేట్ వారానికి 10 మి.గ్రా. తో మొదలుపెట్టి 15కి పెంచాం, మర్నాడు ఫోలిక్ యాసిడ్. స్ట్రిప్ మీద "మంగళవారం మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసి ఇచ్చాను. ఈ మాత్రను పొరపాటున రోజూ వేసుకుని రక్తకణాలు పడిపోయి ఐసీయూకి వచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాం. గర్భం రాకుండా జాగ్రత్త అవసరమని భర్తతో కూడా వీడియో కాల్‌లో మాట్లాడాను. ఈ మందులు కుదురుకునేదాకా ఇక్కడే ఉండాలని కుటుంబం నిర్ణయించుకుంది.

నిద్ర పొడి ఆపడానికి ఆమె భయపడింది. "అది లేకపోతే మళ్లీ రెండింటికి లేస్తానేమో డాక్టర్ గారూ" అంది. ఆ భయం న్యాయమైనదే. మొదటి రెండు వారాలు నిద్ర నిజంగానే చెడింది. మానసిక వైద్యురాలు ఎస్‌సిటాలోప్రామ్‌ని పొద్దుటి పూటకు మార్చి, వారానికోసారి కూర్చుని మాట్లాడారు. కీళ్ల నొప్పి తగ్గుతున్న కొద్దీ రాత్రి మెలకువలు తగ్గాయి. ఆ రెండింటి మెలకువల్లో కొన్ని వేళ్ల నొప్పివేనని ఆమెకే తర్వాత అర్థమైంది.

మూడు నెలలకు డాస్-28 స్కోరు 4.0, ఆరు నెలలకు 2.8. వ్యాధి పూర్తిగా అణగిందనాలంటే 2.6 కంటే తగ్గాలి, ఇంకొంచెం దూరం ఉంది. పీహెచ్‌క్యూ-9 ఆరుకు వచ్చింది. ఈ ప్రశ్నావళిలో నీరసం, నిద్ర, ఆకలి ప్రశ్నలున్నాయి. కీళ్లవాతం ఒక్కటే ఉన్నా వాటికి మార్కులు పడతాయి. అందుకని ఆ తగ్గుదల అంతా డిప్రెషన్‌దేనని నేను లెక్కవేయను. ఆసక్తి, దిగులు ప్రశ్నల్లో కూడా మార్కులు తగ్గాయి కాబట్టి మానసిక వైద్యురాలు సంతోషంగా ఉన్నారు.

షిన్చు తిరిగి వెళ్లేటప్పుడు రెండు ఉత్తరాలు ఇచ్చాను. ఒకటి అక్కడి రుమటాలజీ విభాగానికి: మందుల మోతాదులు, రెండు మూడు నెలలకోసారి రక్త పరీక్షలు, హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి కళ్ల పరీక్ష, సాయంత్రపు నీరసం ఉంటే కార్టిసాల్ మళ్లీ చూడమని. రెండోది ఆమె చైనా వైద్యుడికి. కూతురు దాన్ని చైనా భాషలో తిరగరాసింది, నేను ఆంగ్ల ప్రతి జతచేశాను. నిద్ర కోసం మళ్లీ ఏదైనా ఇవ్వాలనుకుంటే అతిమధురం లేకుండా, ఒక్క యోగమే, లివర్ పరీక్ష చూసుకుంటూ ఇవ్వమని కోరాను. జిర్‌జ ఉన్న యోగాలను ఏళ్ల తరబడి వాడినవారిలో పేగు సిరలు గట్టిపడిన కేసులు జపాన్, తైవాన్‌లలో వచ్చాయి కాబట్టి దాన్ని దీర్ఘకాలం వద్దన్నాను. కీళ్లవాతానికి లేయ్‌గోంగ్ టెంగ్ తీగ వాడకండని ప్రత్యేకంగా రాశాను. ఆ తీగ పనిచేయదని కాదు. 2014లో వెలువడిన, చైనాలో 207 మంది మీద జరిగిన ట్రయల్‌లో అది మెథోట్రెక్సేట్‌కి దీటుగా నిలిచింది, రెండూ కలిపితే ఇంకా మెరుగు. కానీ నెలసరి ఆగిపోవడం, లివర్, కిడ్నీ సమస్యలు దానితో ఉన్నాయి, ఈమె లివర్ మీద ఇప్పటికే ఒక భారం ఉంది. వాతం నొప్పులకు వాడే ఫాంగ్‌జీ అనే మూలిక పేరుతో, కిడ్నీలను పాడుచేసే అరిస్టొలోకిక్ యాసిడ్ ఉన్న వేరొక మొక్క కలిసి 1990ల మొదట్లో బెల్జియంలో ఎందరివో కిడ్నీలు పోయాయి. తైవాన్ అలాంటి మూలికలను 2003లోనే నిషేధించింది. బీమా క్లినిక్ బయట మాత్రం ఏదీ కొనవద్దని ఆమెకు, కూతురికి ఇద్దరికీ చెప్పాను.

చైనా వైద్యుడు జవాబు పంపారు. అతిమధురం లేని యోగం ఇవ్వగలనని, ప్రస్తుతం ఆమెకు నిద్ర పడుతోంది కాబట్టి ఏమీ ఇవ్వడం లేదని రాశారు. ఈ కేసు రాసేనాటికి ఆమె మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., హైడ్రాక్సీక్లోరోక్విన్, ఎస్‌సిటాలోప్రామ్ 10 మి.గ్రా. మీద ఉంది. ప్రెడ్నిసలోన్ 2.5 మి.గ్రా. కి తగ్గింది. చివరి రక్త పరీక్షలో ఏఎల్‌టీ, పొటాషియం రెండూ నార్మల్.